మాటకీ బొమ్మకీ మధ్య

"ఇదంతా నిజంగా జరిగిందేనా?" ‘హౌ టు విత్ జాన్ విల్సన్’ చూసినవాళ్ళు మొట్టమొదట అడిగే ప్రశ్న ఇది. రెండో ప్రశ్న కాస్త మొహమాటంగా వస్తుంది: "పాపం, వాళ్ళని చూసి మనం నవ్వొచ్చా?" మూడోసారి నోరు తెరిచేసరికి అది ప్రశ్నగా కాక ఒప్పుకోలుగా వస్తుంది: "కామెడీ అని చూడడం మొదలుపెడితే చివర్లో గొంతు పట్టేసింది, ఎందుకో తెలియలేదు." దాదాపు అరగంట నడిచే ఒక్కో ఎపిసోడ్‌లో ప్రేక్షకుడు అనుమానం నుంచి ఇబ్బందికి, ఇబ్బంది నుంచి ఆపేక్షకి ప్రయాణిస్తాడు. ఇంత చిన్న నిడివిలో ఇంత దూరం నడిపించడానికి గట్టి పనితనం కావాలి. ఆ పనితనం ఎక్కడుందో, ఎలా పనిచేస్తుందో దగ్గరగా చూద్దాం.

ముందు సంగతి ఏమిటో చెప్పుకోవాలి. అమెరికాలో హెచ్‌బీఓ చానల్ 2020 అక్టోబరు 23న ఈ సిరీస్ మొదలుపెట్టింది. 2023 సెప్టెంబరులో ముగిసింది. మూడు సీజన్లు, సీజన్‌కి ఆరు చొప్పున మొత్తం 18 ఎపిసోడ్లు. ప్రతి ఎపిసోడ్ పేరూ ఏదో ఒక పని నేర్పిస్తానని మాటిస్తుంది. పిచ్చాపాటీ మాట్లాడడం ఎలా, పరంజా కట్టడం ఎలా, జ్ఞాపకశక్తి పెంచుకోవడం ఎలా, సోఫాలకి కవర్లు వేయడం ఎలా, హోటల్లో బిల్లు పంచుకోవడం ఎలా, రిజోటో వండడం ఎలా. మొదటి సీజన్ పాఠాలు ఇవి. ఎపిసోడ్ పూర్తయ్యాక ఆ పని మాత్రం మనకి రాదు. నేర్పిస్తానన్న జాన్ విల్సన్‌కీ వచ్చినట్టు కనబడదు. న్యూయార్క్ వీధుల్లో కెమెరా భుజాన వేసుకుని తిరుగుతూ, ఒక మనిషి దగ్గర మొదలై ఇంకో మనిషి ఇంట్లో తేలి, అక్కడ నుంచి వేరే రాష్ట్రానికి వెళ్ళి, చివరికి మనం ఊహించని చోట ఆగుతాడు. అతని మొహం దాదాపుగా కనిపించదు. వినిపించేది గొంతు ఒక్కటే.

డాక్యుమెంటరీ కామెడీ అనగానే చాలామందికి ‘ది ఆఫీస్’ గుర్తొస్తుంది. అక్కడ రాసిన స్క్రిప్టు ఉంది, నటులున్నారు. డాక్యుమెంటరీలా కనిపించడం ఒక వేషం. విల్సన్ దారి దానికి సరిగ్గా ఎదురు. వీధి నిజం, మనుషులు నిజం, వాళ్ళ మాటలు వాళ్ళవే. హాస్యం అంతా ఆ ముక్కల్ని ఏ వరసలో పేర్చాడన్న దాన్లో ఉంది. నటుణ్ణి ఇంకోసారి చేసి చూపించమని అడగొచ్చు. రోడ్డు మీద పావురాన్ని అలా అడగలేం. దొరికిన దాన్నే కూర్చి నవ్వించాలంటే ఎడిటింగ్ బల్ల దగ్గర రచయితకి ఉండాల్సిన ఓపిక అంతా ఉండాలి.

మొదట గొంతు సంగతి. విల్సన్‌ది ముక్కుతో పలికే సన్నటి గొంతు. ప్రతి వాక్యానికీ ముందు కాస్త తడబాటు, మధ్యలో "ఉమ్‌", చివర్లో అనుమానం. "హే న్యూయార్క్" అని పలకరించి, ఊరికి తనే ఏదో సంజాయిషీ ఇచ్చుకుంటున్నవాడిలా మొదలుపెడతాడు. కొందరు ప్రేక్షకులు ఇక్కడే ఆపేస్తారు. ఈ నసుగుడు అరగంట ఎవరు భరిస్తారని వాళ్ళ ఫిర్యాదు. అది అర్థం చేసుకోదగ్గదే. కానీ జాగ్రత్తగా వింటే ఆ తడబాటు కింద ఉన్న వాక్యం ఎంత పొదుపుగా రాసిందో తెలుస్తుంది. ఒక్క మాట ఎక్కువుండదు. రాత బిగువుగా ఉంచి పలుకు వదులుగా వదిలేయడం వల్ల ఒక లాభం ఉంది: చెబుతున్నవాడు మనకంటే తెలివైనవాడన్న భావన రాదు. పాఠం చెప్పేవాడే పాఠం రాక తికమకపడుతున్నట్టుంటే వింటున్నవాడికి ధైర్యం వస్తుంది.

అతను కథ ‘నేను’ అని చెప్పడు. ‘నువ్వు’ అంటాడు. పొద్దున్నే నువ్వు బయటికొస్తావు, ఎవరో ఎదురొస్తారు, ఏం మాట్లాడాలో నీకు తోచదు అన్న ధోరణి. దాంతో అతని ఇబ్బంది మన ఇబ్బంది అయిపోతుంది. సొంత గోడు చెప్పుకునే సినిమాల్లో వచ్చే చిక్కేమిటంటే, కాసేపటికి ఆ మనిషి మీద విసుగు పుడుతుంది. ఇక్కడ విసుక్కుందామంటే మనల్ని మనమే విసుక్కోవాలి.

ఇక బొమ్మ. ఈ సిరీస్ ప్రాణం అంతా మాటకీ బొమ్మకీ మధ్య ఉన్న సందులో ఉంది. మామూలు డాక్యుమెంటరీలో గొంతు వంతెన అంటే తెరమీద వంతెన కనిపిస్తుంది. విల్సన్ దగ్గర గొంతు ఒకటి చెబుతుంటే బొమ్మ దాన్ని పక్కనుంచి వ్యాఖ్యానిస్తుంది, ఎదురు చెబుతుంది, ఒక్కోసారి వెక్కిరిస్తుంది. బుర్రకథలో మధ్యనున్న కథకుడు గంభీరంగా కథ నడుపుతుంటే పక్కనున్న హాస్యగాడు వంత పాడుతూ ఒక చురక వేసినట్టు, ఇక్కడ బొమ్మ హాస్యపు వంత అన్నమాట. తేడా ఒక్కటే: బుర్రకథలో చురక చెవికి వినిపిస్తుంది, ఇక్కడ కంటితో పట్టుకోవాలి. కథకుడు ఆ చురక వినబడనట్టే ఉంటాడు.

ఈ పద్ధతి ఎలా పనిచేస్తుందో తెలియడానికి మనమే ఒక ఉదాహరణ అల్లుకుందాం. "సంసారంలో ఒకరి భారం ఇంకొకరు మోయాలి" అని గొంతు ఏ మాత్రం నవ్వకుండా చెబుతోందనుకోండి. ఆ సమయంలో తెరమీద ఇద్దరు మనుషులు ఫ్రిజ్ మోసుకుంటూ మెట్ల మలుపులో ఇరుక్కుపోయి, ఎటు తిప్పాలో తెలియక ఒకరినొకరు చూసుకుంటున్నారు. గొంతు ఫ్రిజ్ సంగతి ఎత్తదు. ఇద్దరికీ సంసారంతో సంబంధం లేదు. ఆ రెండింటినీ కలిపింది చూసేవాడి బుర్ర. నవ్వు అక్కడ పుడుతుంది కాబట్టి అది తన సొంతం అనిపిస్తుంది. ఇంకో క్షణం ఆగి ఆలోచిస్తే ఆ ఫ్రిజ్ బొమ్మ పోలికగా కూడా సరిపోయిందని తెలుస్తుంది. అప్పుడు నవ్వు కింద ఇంకేదో కదులుతుంది. విల్సన్ ఒక్కో ఎపిసోడ్‌లో ఇలాంటి అతుకులు వరసగా, ఊపిరి తీసుకునే వ్యవధి లేకుండా వేస్తాడు. అన్నీ ఒకే తీరుగా ఉంటే నాలుగో దానికే మనకి కిటుకు తెలిసిపోతుంది. అందుకే కొన్నిచోట్ల బొమ్మ మాటకి అచ్చంగా అద్దం పడుతుంది, కొన్నిచోట్ల రెండు మూడు వాక్యాలు వెనకబడి వస్తుంది, కొన్నిచోట్ల మాట కంటే ముందే వచ్చి దాని కోసం కాచుకుని ఉంటుంది. ఏది ఎప్పుడు వస్తుందో తెలియకపోవడమే మనల్ని తెరకి కట్టిపడేస్తుంది.

ఇన్ని బొమ్మలు ఎక్కణ్ణుంచి వస్తాయి? విల్సన్ వీధుల్లో చిత్రీకరిస్తూనే ఉంటాడు. అతనితోబాటు ఊళ్ళో తిరిగి అలాంటి దృశ్యాలే ఏరుకొచ్చే చిన్న బృందం కూడా ఉండేది. రోడ్డు పక్కన పారేసిన సోఫాలు, చెత్తసంచుల గుట్టలు, ఎలుకలు, పావురాలు, అద్దంలో తనను తాను చూసుకునేవాళ్ళు, గొడవపడుతున్నవాళ్ళు, వింత రాతల బోర్డులు. చదువయ్యాక కొంతకాలం అతను ఒక ప్రైవేటు డిటెక్టివ్ దగ్గర పనిచేశాడు; నిఘా కోసం తీసిన వీడియోలు గంటల తరబడి చూసి అందులో పనికొచ్చే క్షణాల్ని వెదకడం ఉద్యోగం. ఆ కన్ను ఈ సిరీస్‌లో అడుగడుగునా కనిపిస్తుంది. ఏమీ జరగని గంటలో జరిగిన రెండు సెకన్ల విషయాన్ని పట్టుకోవడం అతనికి అలవాటు. జ్ఞాపకశక్తి ఎపిసోడ్‌లో అతని నోటుపుస్తకాలు చూస్తాం. ఏ రోజు ఏం చేశాడో ఏళ్ళ తరబడి రాసిపెట్టుకున్నవి. మరిచిపోతానన్న భయం ఉన్నవాడికే ఇలాంటి కూడబెట్టుకునే గుణం ఉంటుంది.

ఈ తీరు హెచ్‌బీఓతో మొదలైంది కాదు. అంతకుముందే విల్సన్ ఇదే పద్ధతిలో చిన్న చిన్న సినిమాలు తీసి ఇంటర్నెట్లో పెట్టేవాడు. నల్లులతో కాపురం చేయడం ఎలా అన్నది వాటిలో ఒకటి. అవి చూసిన కమెడియన్ నేథన్ ఫీల్డర్ అతన్ని వెదికి పట్టుకుని ఈ సిరీస్‌కి నిర్మాతల్లో ఒకడయ్యాడు. ఎడిటర్ ఆడమ్ లాక్-నార్టన్ లాంటివాళ్ళు ఆ పాత పద్ధతిని చెడగొట్టకుండా పెద్దది చేశారు. రెండో సీజన్‌కి సూసన్ ఓర్లీన్ రచయితల్లో చేరింది. ‘ది ఆర్కిడ్ థీఫ్’ రాసిన ఆవిడ, న్యూయార్కర్ పత్రికలో ఎన్నో ఏళ్ళుగా వ్యాసాలు రాస్తున్న మనిషి. ఒక కామెడీ సిరీస్ వ్యాసకర్తని పిలిపించుకోవడం వింతగా తోచొచ్చు గాని, ఎపిసోడ్ల నిర్మాణం చూస్తే ఆ పిలుపు సహజం. ఇవన్నీ వ్యాసాలు. ఒక చిన్న విషయం పట్టుకుని, పక్కదారులు తొక్కుతూ, దారిలో దొరికినవి పోగేసుకుంటూ, మొదట అనుకున్న దానికంటే పెద్ద విషయం దగ్గర తేలే రచన. పాత వ్యాసకర్తలు సిరాతో చేసిన పని ఇతను కెమెరాతో చేస్తున్నాడు.

ఒక ఎపిసోడ్ విప్పి చూస్తే ఈ సంగతి తేటపడుతుంది. మొదటి సీజన్ రెండో ఎపిసోడ్ పరంజా గురించి. న్యూయార్క్‌లో ఫుట్‌పాత్‌ల మీద ఇనప గొట్టాలు, చెక్కపలకల కప్పులు వేల సంఖ్యలో ఉంటాయి. ఇవి ఎలా వచ్చాయో తెలుసుకోవాలంటే 1979కి వెళ్ళాలి. ఆ ఏడాది ఒక భవనం మీంచి ఊడిన ముక్క తగిలి బర్నార్డ్ కాలేజీ విద్యార్థిని చనిపోయింది. మరుసటి ఏడాది నగరం ఒక చట్టం తెచ్చింది: ఆరంతస్తులకి మించిన భవనాల ముఖభాగాన్ని క్రమం తప్పకుండా తనిఖీ చేయించాలి. ప్రమాదం ఉందంటే కింద నడిచేవాళ్ళకి రక్షణగా పరంజా కట్టాలి. చిక్కు తరవాత మొదలైంది. గోడ బాగుచేయించడం కంటే పరంజాకి అద్దె కట్టుకుంటూ పోవడమే చవకైన చోట యజమానులు దాన్ని తీయరు. తాత్కాలికంగా కట్టింది ఏళ్ళ తరబడి నిలబడిపోతుంది. కింద పెరిగిన పిల్లలకి తమ వీధికి ఆకాశం ఉందని తెలియదు.

ఇదే సమాచారాన్ని ఒక విలేఖరి పది నిమిషాల్లో చెప్పి ప్రభుత్వాన్ని నిలదీసి ముగిస్తాడు. విల్సన్ నిలదీయడు. జనం ఆ గొట్టాలతో ఎలా బతుకుతున్నారో చూపిస్తాడు. దాన్ని ఆనుకునేవాళ్ళు, దాని చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళు, దాన్ని చూడడమే మానేసినవాళ్ళు. పరంజా వ్యాపారం చేసేవాళ్ళ మాటలు వింటాడు. మెల్లగా గొంతు మాట మార్చకుండానే విషయం మారుతుంది. మీద ఏదో పడుతుందన్న భయంతో కట్టుకున్న రక్షణ, ఆ భయం పోయాక కూడా ఉండిపోవడం గురించి మాట్లాడుతున్నాడని మనకి తడుతుంది. అతను అది నోరు తెరిచి అనడానికి ముందే తడుతుంది. ఆ తరవాత వచ్చే ప్రతి గొట్టం బొమ్మా రెండు అర్థాలతో కనిపిస్తుంది. ఎపిసోడ్ మొదట్లో నవ్వు తెప్పించిన బొమ్మలే చివర్లో దిగులు పుట్టిస్తాయి. బొమ్మలు మారలేదు, వాటి ముందు పెట్టిన వాక్యాలు మారాయి. ఈ ఎపిసోడ్ రెండోసారి చూసినవాళ్ళు దీన్ని ఇంకా బాగా గమనిస్తారు.

ఇప్పుడు ఆ మొదటి ప్రశ్న: నిజమేనా? ఈ అనుమానం ఎందుకు వస్తుందంటే దొరికిన దృశ్యాలు మరీ సరిగ్గా అమరుతాయి. మొదటి సీజన్‌లో సబ్‌వే గేటు దగ్గర ఒక పెద్దమనిషి కార్డు గీకుతూ ఉంటాడు, గేటు తెరుచుకోదు, మళ్ళీ గీకుతాడు. చూస్తే ఆయన ‘ట్విన్ పీక్స్’ నటుడు కైల్ మక్లాక్లన్. అంత పేరున్న నటుణ్ణి పట్టుకుని విల్సన్ ఒక్క మాటా అనడు, పేరూ చెప్పడు, ముందుకెళ్ళిపోతాడు. గుర్తుపట్టినవాళ్ళు ఉలిక్కిపడి వెనక్కి తిప్పి చూసుకుంటారు, గుర్తుపట్టనివాళ్ళకి కార్డు పనిచేయని మనిషి ఒకడు కనిపిస్తాడు. ఇద్దరికీ ఆ దృశ్యం పనికొస్తుంది. విల్సన్ ఊరుకున్నాడు కనకనే మనం నమ్ముతాం. చేతికి దొరికిన వింతని ఊరేగించే అలవాటున్నవాళ్ళ మధ్య, ఊరుకోవడం అతని విశ్వసనీయత.

అనుమానం రావడానికి ఇంకో కారణం కథ వెళ్ళే దారి. జ్ఞాపకశక్తి ఎపిసోడ్ మామూలు మతిమరపు దగ్గర మొదలవుతుంది. నడుస్తూ నడుస్తూ ఐడహో రాష్ట్రంలో జరుగుతున్న ఒక సదస్సుకి చేరుతుంది. మండేలా ఎఫెక్ట్ మీద నమ్మకం ఉన్నవాళ్ళ సదస్సు అది. నెల్సన్ మండేలా 1980ల్లోనే జైల్లో చనిపోయాడని ఎంతోమందికి తప్పుగా గుర్తుండడం వల్ల ఆ పేరొచ్చింది. జ్ఞాపకం తప్పంటే వీళ్ళు ఒప్పుకోరు. మారింది ప్రపంచమే అంటారు, మనం ఇంకో విశ్వంలోకి జారామంటారు. ఇలాంటి మలుపుని ఏ కథారచయితైనా రాస్తే ఎడిటరు కొట్టేస్తాడు, నమ్మశక్యం కాదని. జీవితం తెచ్చిపెట్టింది కాబట్టి తెరమీద ఉంది. అయితే ఆ సదస్సుని మతిమరపు గురించి మాట్లాడే ఎపిసోడ్‌లో, విల్సన్ నోటుపుస్తకాలు చూపించాక పెట్టడం మటుకు రచన. గుర్తులు జారిపోతాయని రోజూ రాసుకునేవాడికీ, గుర్తులు జారలేదు లోకమే జారింది అనేవాళ్ళకీ మధ్య దూరం మనం అనుకున్నంత ఎక్కువ కాదని ఆ అమరిక చెబుతుంది. దృశ్యం నిజం, అమరిక కల్పన. ఈ రెంటినీ విడదీసి చూసే ప్రేక్షకుడికి ‘నిజమేనా’ అన్న ప్రశ్న ముప్పావు వంతు తీరిపోతుంది.

రెండో ప్రశ్న దీనికంటే బరువైంది. ఈ మనుషుల్ని చూసి నవ్వొచ్చా? ఇక్కడ ఫీల్డర్‌తో పోల్చి చూడడం తప్పదు. 2013 నుంచి 2017 దాకా నడిచిన అతని ‘నేథన్ ఫర్ యు’లో చిన్న వ్యాపారులకి వింత సలహాలిచ్చి, వాళ్ళు మొహమాటంతో ఎంత దూరం ఒప్పుకుంటారో చూడడం హాస్యానికి ఇరుసు. 2022లో వచ్చిన ‘ది రిహార్సల్’లో మనుషుల జీవితాల్ని ముందే సెట్లు వేసి సాధన చేయించాడు. అవి చూసినవాళ్ళలో కొందరు మేధావి అన్నారు, కొందరు క్రూరుడన్నారు. వాదన ఇంకా నడుస్తోంది. ఫీల్డర్ పరిస్థితిని సృష్టిస్తాడు, అవతలివాడు అందులో చిక్కుకుంటాడు. విల్సన్ పరిస్థితిని సృష్టించడు. వెళ్తాడు, కెమెరా ఎత్తి పట్టుకుంటాడు, ఒక చిన్న ప్రశ్న అడిగి ఆగుతాడు.

ఆ ఆగడమే అసలు విద్య. మామూలు ఇంటర్వ్యూలో జవాబు ముగియగానే రెండో ప్రశ్న వస్తుంది. విల్సన్ ఇంకాస్త సేపు ఊరుకుంటాడు. ఎదుటి మనిషికి ఆ మౌనం ఇరుకనిపించి, తను చెప్పాలనుకోని మాట ఒకటి బయటపెడతాడు. కెమెరా వెనక పెద్ద యూనిట్ లేదు, లైట్లు లేవు, ఒక నసిగే మనిషి ఉన్నాడు. అందుకే భయం ఉండదు. పిచ్చాపాటీ ఎపిసోడ్‌లో అతను సెలవుకని మెక్సికోలోని కాన్‌కూన్ వెళ్తాడు. తీరా చూస్తే అక్కడ ఎంటీవీ వాళ్ళ స్ప్రింగ్ బ్రేక్ జాతర. తాగి ఊగే కుర్రాళ్ళ మధ్య ఈయన. అలాంటి కుర్రాడొకడితో మాట కలుస్తుంది. మొదట చూస్తే మనం తేలిగ్గా ఒక గాటన కట్టేసే రకం. కాసేపు మాట్లాడాక, ఆత్మహత్య చేసుకున్న స్నేహితుడి సంగతి చెబుతాడు. అంతసేపూ ఆ కుర్రాణ్ణి చూసి నవ్విన ప్రేక్షకుడికి నోట మాట రాదు. గమనించండి, విల్సన్ ఆ నవ్వుని కత్తిరించెయ్యలేదు. కుర్రాడి దుఃఖాన్ని ముందే చూపించి మనల్ని మంచివాళ్ళని చెయ్యలేదు. ముందు నవ్వనిచ్చాడు, తరవాత వినిపించాడు. తొందరపడింది మనమేనని మనకే తెలిసొస్తుంది.

ఇదే పద్ధతి మిగతా సీజన్లలోనూ నడుస్తుంది. ‘అవతార్’ సినిమా చూసి, ఆ లోకం వదిలి రాలేక దిగులుపడ్డవాళ్ళ బృందం ఒకటుంది. నవ్వడానికి అన్ని హంగులూ ఉన్న దృశ్యం. కానీ కెమెరా వాళ్ళ గదిలో కూర్చుని ఉంటుంది, ఒక్కొక్కరూ తమ ఒంటరితనం చెప్పుకుంటుంటే వింటుంది. వాళ్ళని కలిపింది నీలిరంగు మనుషుల సినిమా కావచ్చు, కలవడం మాత్రం నిజం. పాత వాక్యూమ్ క్లీనర్లు సేకరించేవాళ్ళ సమావేశానికి వెళ్ళినప్పుడూ అంతే. వస్తువు మీద ఉన్న ఇష్టం వెనక మనుషుల జీవితం ఉంటుందని అతనికి నమ్మకం. ఎగతాళి చేసేవాడు మనిషిని కలిసిన మొదటి నిమిషంలో వెళ్ళిపోతాడు. ఇరవయ్యో నిమిషం దాకా కూర్చున్నవాడికి ఎగతాళి చేయడానికి మిగిలేది తక్కువ.

అయినా ఈ ప్రశ్నకి పూర్తి క్షమాపణ పత్రం ఇవ్వలేం. వీధిలో తెలియకుండా కెమెరాకి చిక్కినవాళ్ళు ఎందరో ఉన్నారు. వాళ్ళతో విల్సన్ కూర్చోలేదు, వాళ్ళ కథ వినలేదు. ఒక వాక్యానికి బొమ్మగా వాడుకుని వదిలేశాడు. ఆ రెండు సెకన్ల నవ్వుకి వాళ్ళు మూల్యం కట్టారన్న ఇబ్బంది సున్నితమైన ప్రేక్షకుడికి తప్పదు. ఈ సిరీస్ బలం ఏమిటంటే ఆ ఇబ్బందిని దాచిపెట్టదు.

మూడో స్పందన, ఆ గొంతు పట్టేసే సంగతి, దానికి మొదటి సీజన్ చివరి ఎపిసోడ్ చూడాలి. విల్సన్ అద్దెకున్న ఇంటి యజమానురాలు ఒక పెద్దావిడ. అతను ఆవిణ్ణి ‘మామా’, అంటే అమ్మా, అని పిలుస్తాడు. సొంత మనిషిలా చూసుకుంటుంది. ఇద్దరూ కలిసి టీవీలో ‘జెపర్డీ’ క్విజ్ చూస్తారు. ఆవిడ రుణం తీర్చుకోవడానికి ఇటలీ వంటకం రిజోటో చేసిపెట్టాలనుకుంటాడు. మనకి పొంగలి ఎంత మామూలో వాళ్ళకిది అంత మామూలు వంట, బియ్యం ఉడికేదాకా కలుపుతూనే ఉండాలి. అతనికి కుదరదు. ఎవరెవరినో సలహా అడుగుతాడు, మధ్యలో ఇంకేవో సంగతులు కూడా వస్తాయి. అంతా ఎప్పటిలాగే తిన్నగా నడవని కథ. అప్పుడు 2020 మార్చి వస్తుంది.

తేదీ ఎవరూ చెప్పనక్కర్లేదు. సూపర్ మార్కెట్లో క్యూలు పొడుగవుతాయి, తోపుడు బళ్ళు నిండిపోతాయి, మనుషుల మొహాలు మారతాయి. కరోనా ఈ సిరీస్‌లోకి వార్తగా రాలేదు, సరుకులు కొనడానికి వెళ్ళినవాడి కెమెరాలోకి నడుచుకుంటూ వచ్చింది. ఆ రోజుల్లో తీసిన దృశ్యాలు ఎన్నో చూశాం, చాలావరకు మరిచిపోయాం కూడా. అవన్నీ ‘చరిత్ర జరుగుతోంది’ అని తెలిసి తీసినవి. ఇతను రిజోటో గురించి తీస్తున్నాడు. చరిత్ర పక్కన వచ్చి నిలబడింది. చూస్తున్నవాళ్ళకి తెలుసు, తెరమీద ఉన్నవాళ్ళకి ఇంకా తెలియదు. ఆ తేడాయే మన గొంతుకి అడ్డం పడేది. వంట కుదిరిందా లేదా అన్నది ఎప్పుడు ముఖ్యం కాకుండా పోయిందో గుర్తుండదు. అదే ఇంట్లో ఉన్న పెద్దావిడ బాగుండాలన్న ఆత్రమే మిగులుతుంది. ఐదు ఎపిసోడ్ల పాటు ఊళ్ళోవాళ్ళందరితో పిచ్చాపాటీ ఎలా మాట్లాడాలా అని సతమతమైనవాడికి, మనుషుల దగ్గరికి వెళ్ళడమే ప్రమాదం అయిన రోజులొచ్చాయి. సీజన్ మొదటి ఎపిసోడ్ పేరుకి ఇప్పుడు కొత్త అర్థం. ఇలా ముగుస్తుందని రాసుకోవడం ఎవరి వల్లా కాదు. ముగిసిన దాన్ని గుర్తుపట్టి, ఎక్కడా గట్టిగా అనకుండా వదలడం మాత్రం పనిమంతుడి వల్లే అవుతుంది.

తరవాతి సీజన్లు అంతటివేనా అంటే, మెరుపు తగ్గలేదు గాని అమాయకత్వం కొంత తగ్గింది. రెండో సీజన్ మొదట్లోనే ఇల్లు కొనే వ్యవహారం వస్తుంది. అద్దె ఇంట్లో నసిగే మనిషి ఇంటి యజమాని కావడం కథకే ఒక పరీక్ష. పేరొచ్చాక వీధిలో పరాయివాడిగా మిగలడం కష్టం. మూడో సీజన్‌లో అతను ఈ చిక్కునే ముడిసరుకు చేసుకున్నాడు. పక్షుల్ని చూడడం మీద తీసిన ఎపిసోడ్ డాక్యుమెంటరీలో నిజమంటే ఏమిటన్న సందేహం దాకా వెళ్ళి, ప్రేక్షకుల పాత అనుమానాన్ని ఆటపట్టిస్తుంది. ఏది దొరికింది, ఏది చేయించింది అని మనల్ని అయోమయంలో పడేస్తుంది. తెలివైన ఎపిసోడ్, కానీ ఆ తెలివి పైకి కనిపిస్తుంది. పరంజా ఎపిసోడ్‌లో కనిపించలేదు. సిరీస్ ఆఖరి ఎపిసోడ్ పోయిన పార్సిల్ వెదకడంతో మొదలై, చనిపోయాక శరీరాన్ని చలిలో భద్రపరిచి ఎప్పటికైనా లేపించుకోవాలనుకునేవాళ్ళ దగ్గరికి, అరిజోనాకి చేరుతుంది. పోగొట్టుకోవడం, దాచుకోవడం: జ్ఞాపకాల నోటుపుస్తకాలు రాసుకునే మనిషి ముగించడానికి అంతకంటే తగిన చోటు లేదు. మూడు సీజన్లతో చాలన్నాడు. సాగదీయమని ప్రేక్షకులు బతిమాలే దశలోనే ఆపాడు.

ఈ సిరీస్ చూసినవాళ్ళలో ఇంకో మార్పు తరచుగా వినిపిస్తుంది: మర్నాడు బయటికెళ్తే తమ వీధి వింతగా కనిపించిందని. న్యూజెర్సీలో ఉంటూ రోజూ రైల్లో మాన్‌హాటన్ వెళ్ళొచ్చే తెలుగువాళ్ళు ఎందరో ఆ గొట్టాల కింద నుంచే నడిచి ఆఫీసుకి వెళ్తారు. వాళ్ళు ఆ ఎపిసోడ్ చూస్తే తల ఎత్తకుండా ఉండలేరు. హైదరాబాదులోనో విజయవాడలోనో చూసినవాళ్ళకి న్యూయార్క్ తెలియకపోయినా నష్టం లేదు. తాత్కాలికం అని కట్టి శాశ్వతమైపోయినవి మనకి తక్కువా? కెమెరా పట్టుకుని వీధుల్లో జనాన్ని పలకరించే తెలుగు వ్లాగర్లు ఇప్పుడు చాలామంది ఉన్నారు. వాళ్ళు విల్సన్ దగ్గర నేర్చుకోదగ్గది వింత మనుషుల్ని వెదకడం కాదు. జవాబొచ్చాక మైకు వెనక్కి లాక్కోకుండా ఇంకో ఐదు సెకన్లు ఆగడం. వెనక నవ్వుల శబ్దం, ఎగిరే అక్షరాలు తీసేసి చూసుకోవడం. నవ్వు నిజంగా ఉందో లేదో అప్పుడు తెలుస్తుంది.

కొత్తగా చూడబోయేవాళ్ళకి ఒక సలహా. మొదటి సీజన్ వరసగానే చూడండి. పిచ్చాపాటీతో మొదలుపెడితేనే రిజోటోకి బలం వస్తుంది. రోజుకి ఒకటి చాలు, రెండు వరసగా చూస్తే అతుకుల కిటుకు అలవాటైపోయి సగం నవ్వు పోతుంది. వంట చేస్తూనో ఫోను చూస్తూనో గొంతు మాత్రం వింటే ఎవరో నసుగుతున్నట్టే ఉంటుంది, ఎందుకంటే సగం మాటలు బొమ్మలోనే ఉన్నాయి. మొదటి పది నిమిషాలు విసుగనిపిస్తే ఆ విసుగుని కాస్త ఓర్చుకోండి. ఈ మనిషి కూడా ఎదుటివాళ్ళ దగ్గర అంత సేపు ఓర్చుకున్నాకే వాళ్ళు అసలు మాట చెప్పారు.